బుద్ధ్ సర్క్యూట్: గీత కుదిరింది, లెక్క కుదరలేదు

మన దేశంలో ఫార్ములా వన్ అనగానే గ్రేటర్ నోయిడా గుర్తొస్తుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఆ ముచ్చట హైదరాబాద్ పక్కన గోపన్‌పల్లిలో మొదలైందని ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడ ట్రాక్ కోసం సుమారు 1,500 ఎకరాలు చూపించి, ఫార్ములా వన్ వాళ్లతో అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నారు. 2007లో తొలి రేసు జరపాలని అనుకున్నారు. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త సర్కారుకు ఆ మోజు లేకపోవడంతో ఫైలు అటకెక్కింది.

గోపన్‌పల్లిలో ట్రాక్ పుట్టకముందే ఆగిపోయింది. నోయిడాలో పుట్టి, ప్రపంచం చేత శభాష్ అనిపించుకుని, మూడే మూడు రేసులకు ఆగిపోయింది. రెండుచోట్లా అడ్డుపడింది భూమి, పన్ను, ప్రభుత్వం, ఒప్పందమే. నోయిడా కథ మరీ చిక్కుముడి. డ్రైవర్లు మెచ్చుకున్న ట్రాక్ ఎందుకు ఖాళీగా పడి ఉందో తెలియాలంటే ముందు దాని నేలనూ మలుపులనూ చూడాలి, ఆ తర్వాత ఖాతా పుస్తకం తెరవాలి.

చదును నేల మీద ఎత్తుపల్లాలు

2007లో అప్పటి భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ, ఢిల్లీలో ఫార్ములా వన్ రేసుకు అప్పటి ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్‌తో ప్రాథమిక ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. 2009 అన్నది 2010 అయింది, చివరికి 2011కి జరిగింది. కట్టే బాధ్యత జేపీ గ్రూపుది. గ్రేటర్ నోయిడాను ఆగ్రాతో కలిపే 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే వేస్తున్నదీ ఆ గ్రూపే. రహదారి పక్కన ఇళ్లు, విల్లాలు, స్టేడియంతో ఒక స్పోర్ట్స్ సిటీ, దాని నడుమ మెడలో పతకంలా ఈ సర్క్యూట్ ఉండాలన్నది వాళ్ల ఆలోచన. గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో ఉంది కాబట్టి బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అన్నారు. ప్రశాంతతకు మారుపేరైన మనిషి పేరు, చెవులు పగిలే ఇంజిన్ల చోటుకు! ఆ పేరు పెట్టినవాళ్లకు ఈ చమత్కారం తట్టిందో లేదో.

గీత గీసింది జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే. అప్పటికి ప్రపంచంలో కొత్తగా వస్తున్న ఫార్ములా వన్ ట్రాకుల్లో చాలావరకు ఆయనవే. అన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయన్న విమర్శా ఆయనకు కొత్త కాదు. ఇక్కడ ఆయనకు దొరికింది యమునా మైదానపు చదును నేల. కొండ లేదు, వాగు లేదు, మలుపు తిప్పడానికి ప్రకృతి ఇచ్చిన సాకు ఏదీ లేదు. దాంతో మట్టి తోలించి, గుట్టలు పోయించి, ట్రాక్‌లో అత్యంత పల్లానికీ అత్యంత ఎత్తుకూ మధ్య సుమారు 14 మీటర్ల తేడా వచ్చేలా చేశారు. కాగితం మీద 14 మీటర్లు పెద్దగా అనిపించవు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వస్తున్న డ్రైవరుకు మలుపు చివర కనపడకుండా పోవడానికి మాత్రం అది చాలు.

మొత్తం పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16, పరుగు సవ్యదిశలో. 2011 సెప్టెంబరులో ఈ రేసుల ప్రపంచ నియంత్రణ సంస్థ ఎఫ్ఐఏ తరఫున రేస్ డైరెక్టర్ చార్లీ వైటింగ్ వచ్చి తనిఖీ చేశారు. అక్టోబరు 18న ప్రారంభోత్సవం, 30న తొలి రేసు. తారు పని నుంచి రేసు దాకా వ్యవధి ఎంత ఇరుకుగా ఉందో చూస్తే, తొలి ప్రాక్టీసులో ట్రాక్ మీదికి ఊరకుక్క వచ్చి సెషన్ ఆపాల్సి రావడం పెద్ద వింతేమీ కాదు.

రేసు దూరం లెక్క గురించి ఇక్కడ ఒక మాట, ఎందుకంటే చాలామంది దీని దగ్గర తడబడతారు. 305 కిలోమీటర్లు దాటే అతి తక్కువ ల్యాపులు తిరగాలన్నది నిబంధన (మొనాకోకు మినహాయింపు). 59 ల్యాపులకు 302 కిలోమీటర్ల చిల్లర మాత్రమే వస్తుంది కాబట్టి 60. మరి 60ని 5.125తో గుణిస్తే 307.5 రావాలి, అధికారిక పత్రాల్లో మాత్రం 307.249 అని ఉంటుంది. ఆ తేడా 251 మీటర్లు. స్టార్ట్ గీత, ఫినిష్ గీత ఒకేచోట ఉండవు. మొదటి ల్యాప్‌లో అంత దూరం తగ్గుతుంది.

ఒకటి నుంచి నాలుగు దాకా: ఓవర్‌టేక్ కోసం కట్టిన ఉచ్చు

ఒకటో మలుపు కుడికి, దాదాపు లంబకోణం. దాటగానే రెండో మలుపు వేగంగా తిప్పేస్తుంది, అక్కణ్నుంచి మూడో మలుపుకు ఎక్కుడు. మూడోది కుడికి తిరిగే ఇరుకైన, నెమ్మది మలుపు. ఎక్కుతూ రావడం వల్ల ఏపెక్స్, అంటే మలుపు లోపలి అంచును కారు తాకే చోటు, ముందుగా కనిపించదు. అక్కడ బయటపడితే కిలోమీటరుకు పైగా సాగే స్ట్రెయిట్. కాస్త దిగి, మళ్లీ ఎక్కి, నాలుగో మలుపు దగ్గర ఆగుతుంది. ఫార్ములా వన్ కార్లు అక్కడికి 320 దరిదాపు వేగంతో వచ్చి వందకు అటూఇటూగా దిగాలి.

పొడవైన స్ట్రెయిట్‌కు ముందు నెమ్మది మలుపు పెట్టడంలో పెద్ద కిటుకే ఉంది. రెండు కార్ల మధ్య సరిగ్గా ఒక సెకను తేడా ఉందనుకోండి. వంద వేగంలో ఆ సెకను 28 మీటర్లు, మూడొందల వేగంలో 83 మీటర్లు. నెమ్మది మలుపులో వెనకబండి ముందుబండి తోకకు దగ్గరగా చేరగలుగుతుంది. పైగా ఆ వేగంలో రెక్కల మీద గాలి ఒత్తిడి, అదే డౌన్‌ఫోర్స్, తక్కువ. ముందుబండి చెదరగొట్టిన గాలిలో నడిచినా పోయే పట్టు కొంచెమే. వేగమైన మలుపులో అయితే వెనకవాడు ముందువాడి గాలిలో చిక్కి, ముందు చక్రాలు జారి, దూరం పెరిగిపోతుంది. కాబట్టి మూడో మలుపు నుంచి అంటిపెట్టుకుని బయటపడిన కారు స్ట్రెయిట్ అంతా ముందుబండి చాటున సాగి, నాలుగో మలుపు బ్రేకింగ్‌లో పక్కకు దూకగలదు.

టిల్కే ఇంకో పనీ చేశారు. మూడు, నాలుగు మలుపుల ప్రవేశాన్ని మామూలుకంటే బాగా వెడల్పు చేశారు. వెడల్పు ఉంటే ఒకే మలుపులోకి రెండు మూడు దారులు పుడతాయి. ఒకడు లోపలి నుంచి ఆలస్యంగా బ్రేకు వేస్తే, ఇంకొకడు బయటి నుంచి విశాలంగా తిరిగి, ముందే యాక్సిలరేటర్ తొక్కి, బయటకొచ్చేటప్పుడు పైచేయి సాధించవచ్చు. లోపలికి దూకినవాడే గెలుస్తాడన్న గ్యారంటీ లేదు, అందుకే ఈ చోటు చూడటానికి బాగుంటుంది.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న ఈ ఏర్పాటును సగం పాడుచేసింది దుమ్ము. రేసింగ్ లైన్ మీద టైర్ల రబ్బరు పేరుకుని పట్టు పెరుగుతుంది. లైన్ పక్కన ఆ రబ్బరు ఉండదు, యమునా తీరపు సన్నని ధూళి మాత్రం పొరలా కూర్చుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు బండ్లు తిరిగే ట్రాక్ అయితే ఆ ధూళి ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. ఇక్కడ శుక్రవారం ప్రాక్టీసులో మొదటి కార్లు నిజానికి చీపురు పనే చేశాయి. వెడల్పుగా కట్టిన ఆ రెండో దారి కాస్తా రేసు రోజుకు జారుడుబండ అయింది. దాని మీదికి దిగి బ్రేకు వేస్తే చక్రాలు లాక్ అయ్యేవి.

అయిదు తర్వాత ట్రాక్ స్వభావమే మారిపోతుంది

నాలుగో మలుపు దాకా ట్రాక్ ఇంజిన్‌నూ బ్రేకులనూ అడుగుతుంది. అయిదో మలుపు ఎడమకు తిరిగిన తర్వాత అడిగేది డౌన్‌ఫోర్స్‌ను. ఆరు నుంచి తొమ్మిది దాకా జంటలుగా వచ్చే ఎదురు మలుపులు, ఒక పక్కకు ఒరిగిన బరువు సర్దుకునేలోపే రెండో పక్కకు తిప్పేవి. ఆ తర్వాత పది, పదకొండు: కుడికి తిరిగే ఒకే పొడవాటి వంపు, లోపలికి వాలుగా కట్టిన నేల. డ్రైవర్లు ఎక్కువగా మాట్లాడింది దీని గురించే. ఇస్తాంబుల్ ట్రాక్ ఎనిమిదో మలుపుతో పోల్చినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ కారును ఎలా సరిచేయాలన్నది ఇంజినీర్లకు తలనొప్పి. రెక్కల కోణం తగ్గిస్తే స్ట్రెయిట్‌లో వేగం వస్తుంది, పది–పదకొండులో కారు బయటికి జారుతుంది. పెంచితే వంపులో అతుక్కుపోతుంది, నాలుగో మలుపు దగ్గర అవతలివాడికి మేత అవుతుంది. సెబాస్టియన్ వెటెల్ నడిపిన రెడ్‌బుల్ కారు రెక్కల కోణం పెంచే దారి ఎంచుకుని, ముందుండి మొదలుపెట్టి, ఎవరికీ ఆ నాలుగో మలుపు అవకాశమే ఇవ్వలేదు. 2011లో పోల్ (అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం), విజయం, వేగవంతమైన ల్యాప్, ప్రతి ల్యాప్‌లో ఆధిక్యం అన్నీ ఆయనవే. 2012లోనూ ప్రతి ల్యాప్ ముందే ఉన్నాడు. 2013లోనూ గెలిచి నాలుగో ప్రపంచ టైటిల్ ఇక్కడే ఖాయం చేసుకున్నాడు, ప్రేక్షకుల ముందు కారును గుండ్రంగా తిప్పి టైర్లు కాల్చినందుకు 25 వేల యూరోల జరిమానా కూడా కట్టించుకున్నాడు. మూడు రేసులకు ఒక్కడే విజేత. ఓవర్‌టేక్‌ల కోసం కట్టిన ట్రాక్‌కు అదొక ఎగతాళి.

టైర్ల మాటకొస్తే, పది–పదకొండు వంపు కుడికి కాబట్టి భారమంతా ఎడమ చక్రాల మీద పడుతుంది, ముఖ్యంగా ఎడమ ముందు చక్రం మీద. చక్రం లోపలి వేడి బయటికి పోయే సందు దొరక్క రబ్బరులో బుడగలు లేస్తాయి, వాటినే బ్లిస్టర్లు అంటారు. 2013లో టైర్ల సంస్థ పిరెల్లి సాఫ్ట్, మీడియం టైర్లు తెచ్చి, సాఫ్ట్ 15 ల్యాపులకు, మీడియం 35 ల్యాపులకు మించకూడదని సూచించింది. వెటెల్ సాఫ్ట్ మీద మొదలుపెట్టి రెండో ల్యాప్ చివరే పిట్‌కు (టైర్లు మార్చే చోటుకు) వచ్చి వాటిని వదిలించుకున్నాడు. అడుగున పడి, తర్వాత అందరినీ దాటాడు. మరో డ్రైవరు కిమి రైకొనెన్ దీనికి పూర్తిగా తిరగేసిన దారి పట్టాడు. ఏడో ల్యాప్‌లో మీడియం వేసుకుని దాదాపు చివరిదాకా లాగాడు. రెండో స్థానం దాకా ఎగబాకినా, టైర్లు చచ్చిపోయి ఒక్కొక్కరూ దాటుకుంటూ పోతుంటే ఏడో స్థానానికి జారాడు. ఆఖర్న కొత్త టైర్లు వేయించుకుని, ఆ రేసుకే వేగవంతమైన ల్యాప్ కొట్టాడు. కారులో వేగం మిగిలే ఉంది, రబ్బరు మిగల్లేదు. ఈ ట్రాక్ ఎడమ చక్రాలను ఎలా తింటుందో చూపడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డ్రైవరు ఫెలిపె మాసా 2011 కథ మరోలాంటిది. ఎనిమిది–తొమ్మిది ఎదురు మలుపుల్లో లోపలి అంచు ఎక్కి అడ్డదారి తొక్కకుండా, మామూలు కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) వెనక ఎత్తుగా నారింజ రంగు దిమ్మలు పెట్టారు. క్వాలిఫైయింగ్‌లో (రేసు వరుసను తేల్చే పరుగులో) మాసా కారు ముందు చక్రం ఆ దిమ్మెను ఎక్కింది. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే సస్పెన్షన్ చేతులు కార్బన్‌తో చేసినవి. తారు మీద వచ్చే లాగుళ్లకు, అంటే పొడవునా పడే బలానికి, అవి ఉక్కులాగే నిలుస్తాయి. కింద నుంచి పైకి ఒక్కసారిగా పడే దెబ్బకు పుల్లలా విరుగుతాయి. కుడి ముందు చక్రం ఊడి వేలాడింది, కారు గోడకు పోయింది. మర్నాడు రేసులో అదే ప్రాంతంలో అదే తప్పు, ఈసారి ఎడమ ముందు చక్రం. దిమ్మెలు మరీ కఠినమా, డ్రైవరు మరీ మొండా? ఒకే రకం దిమ్మెల మీద రెండుసార్లు విరిగినప్పుడు తప్పంతా దిమ్మెది అనలేం. కానీ వెయ్యోవంతు సెకన్ల కోసం లోపలికి కోయడమే ఆ వృత్తి అని తెలిసి కూడా, క్షమించని అంచు అక్కడ పెట్టినవాళ్లకూ అందులో వాటా ఉంది.

పన్నెండు నుంచి పదహారు దాకా చెప్పుకోవడానికి తక్కువ. వేగంగా అటూఇటూ ఊగి, నెమ్మదిగా కుడికి తిరిగి పిట్ స్ట్రెయిట్ మీద పడతారు. 2013లో వెటెల్ పోల్ సమయం 1 నిమిషం 24.119 సెకన్లు, అంటే సగటున గంటకు 219 కిలోమీటర్లు.

మోటోజీపీ: కార్ల ట్రాక్ మీద బైకులు

2023 సెప్టెంబరులో ఇదే ట్రాక్ మీద బైకుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటోజీపీ రేసు జరిగింది. కారుకు బాగున్న ట్రాక్ బైకుకు బాగుంటుందనుకోవడం పొరపాటు. అదుపు తప్పిన కారుకు తారు పరిచిన రన్‌ఆఫ్ (ట్రాక్ పక్కన వదిలిన ఖాళీ జాగా) మేలు, బ్రేకు పని చేస్తుంది. కిందపడ్డ రైడరు అదే తారు మీద ఆగకుండా జారుకుంటూ గోడ దాకా పోతాడు. అతనికి వేగం చంపే కంకర కావాలి, గోడ ముందు గాలి దిండ్లు కావాలి, గోడే మరికాస్త దూరంగా ఉండాలి. ఆ మార్పులు చేసి, 16 మలుపులను 13కు కుదించి, పొడవు 4.96 కిలోమీటర్లకు తెచ్చారు. పోల్ ల్యాప్ 1 నిమిషం 44 సెకన్లలోపు. సగటు 172 కిలోమీటర్ల దగ్గర, కార్లకంటే దాదాపు 47 తక్కువ.

ఆదివారం నాడు ఎండ, ఉక్కపోత చూసి 24 ల్యాపులను 21కి తగ్గించారు. అప్పటికీ రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్ రేసు అయ్యాక నిలబడలేక కూలబడ్డాడు. మార్కో బెజెక్కి గెలిచాడు, ఫాబియో క్వార్తరారో మూడో స్థానం. సెప్టెంబరు ఆఖరు ఉత్తర భారతంలో వాన వెళ్లీవెళ్లని కాలం. ఎండకు తేమ తోడై చెమట ఆరదు. తోలు సూటు లోపల, ఇంజిన్ వేడి కాళ్ల మధ్య పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చునేవాడికి అది నరకమే. అక్టోబరు చివర్న అయితే ఎండ తగ్గుతుంది, పొగమంచు కలిసిన కాలుష్యం మొదలవుతుంది. ఢిల్లీ చుట్టుపక్కల రేసుకు తేదీ వెతకడం పెళ్లి ముహూర్తం పెట్టడంకంటే కష్టం. 2024లో రావాల్సిన రెండో మోటోజీపీ జరగనే లేదు.

ఖాతా పుస్తకం

ఇక అసలు చిక్కు. ఫార్ములా వన్ రేసు పెట్టేవాడికి డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది?

2011 సెప్టెంబరు 13న జేపీ స్పోర్ట్స్ సంస్థ, బ్రిటన్‌లోని ఫార్ములా వన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ సంస్థతో రేసు ప్రమోషన్ ఒప్పందం చేసుకుంది. ఏటా 4 కోట్ల డాలర్లు చెల్లించాలి, అయిదేళ్ల పాటు. అదే రోజు మరికొన్ని ఒప్పందాలు కుదిరాయి. టీవీ ప్రసారం, టైటిల్ స్పాన్సర్‌షిప్, ప్యాడక్‌లో (జట్లు ఉండే ఆవరణలో) ఖరీదైన అతిథి మర్యాదలు లాంటి రాబడి మార్గాలన్నీ వాటి ద్వారా ఫార్ములా వన్ అనుబంధ కంపెనీల చేతికే వెళ్లాయి. అంటే టైటిల్ స్పాన్సర్‌గా ఎయిర్‌టెల్ పేరు పెద్దగా కనిపించినా, ఆ సొమ్ము ట్రాక్ యజమానికి చేరేది కాదు. జేపీకి మిగిలింది ముఖ్యంగా టికెట్లు.

ఆ ఏడాది అక్టోబరు మారకం ధర ప్రకారం 4 కోట్ల డాలర్లంటే దాదాపు 200 కోట్ల రూపాయలు. ట్రాక్ సామర్థ్యం లక్ష చిల్లర. లక్ష మంది వచ్చారనుకుంటే, ఫీజు ఒక్కటి రాబట్టడానికే టికెట్ సగటున 20 వేలు పడాలి. తొలి రేసు టికెట్లు 2,500 నుంచి 35 వేల దాకా ఉన్నాయి, ఎక్కువ సీట్లు ఉన్నది చవకైన వైపే. వచ్చినవాళ్లు 95 వేల దాకా అన్నారు. ఇది లాభానికి దారితీసే లెక్క కాదని ఎవరికైనా తెలుస్తుంది. 2013 అక్టోబరుకు రూపాయి డాలరుకు 61 దాటింది. డాలర్ల ఫీజు మారకపోయినా, రూపాయల్లో దాదాపు 50 కోట్లు పెరిగింది, జనం మాత్రం తగ్గారు. మరి కట్టిందెందుకు? రేసు వల్ల ఆ ప్రాంతానికి పేరొస్తుంది, పేరొస్తే చుట్టూ ఉన్న ప్లాట్లూ ఇళ్లూ అమ్ముడుపోతాయి. ట్రాక్‌ను ఒక హోర్డింగులా చూస్తేనే ఈ లెక్కకు అర్థం ఉంది.

దీని మీద పన్నులు. అప్పట్లో కేంద్ర క్రీడాశాఖ ఫార్ములా వన్‌ను క్రీడగా కాక వినోదంగానే చూసింది. క్రీడకు ఇచ్చే సడలింపులు రాలేదు. రాష్ట్రంలో వినోద పన్ను మినహాయింపు ఇవ్వడం మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. తొలి రేసుకు వారం ముందు సుప్రీంకోర్టు, టికెట్ల రాబడిలో 25 శాతం విడిగా ఖాతాలో ఉంచమని ఆదేశించింది.

అసలు దెబ్బ ఆదాయపు పన్ను దగ్గర తగిలింది, తీర్పు రావడానికి 2017 ఏప్రిల్ 24 దాకా పట్టింది. ప్రశ్న సూటిగా ఇది. బ్రిటన్ కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేదు, ఏటా మూడు రోజుల రేసు మాత్రమే. ఆ 4 కోట్ల డాలర్ల మీద ఇక్కడ పన్ను కట్టాలా? భారత్, బ్రిటన్‌ల ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం ఇక్కడ ఆ కంపెనీకి ‘శాశ్వత వ్యాపార స్థానం’ ఉంటేనే, అక్కడి నుంచి వచ్చిన లాభం మీద ఇక్కడ పన్ను పడుతుంది. పన్ను ప్రశ్నల మీద ముందస్తు తీర్పులిచ్చే అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ అలాంటి స్థానం లేదంది, కానీ ఆ సొమ్ము రాయల్టీ (హక్కు వాడుకున్నందుకు చెల్లించే రుసుము) అంది. ఢిల్లీ హైకోర్టు 2016లో రెంటినీ తిరగేసింది: రాయల్టీ కాదు, స్థానం ఉంది. సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేసింది.

న్యాయమూర్తులు ఏ.కె. సిక్రీ, అశోక్ భూషణ్ చూసింది గడియారాన్ని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో. రేసు రోజుల్లో లోపలికి ఎవరు రావాలి, ఏ కంపెనీ బోర్డు ఎక్కడ ఉండాలి, కెమెరా ఎక్కడ నిలబడాలి అన్నీ ఫార్ములా వన్ వైపు కంపెనీలే నిర్ణయించాయి. ట్రాక్ ఒక నిర్ణీత స్థలం, అక్కడ ఏటేటా వ్యాపారం జరుగుతుంది, ఆ స్థలం మీద పట్టు వాళ్లదే. మూడు రోజులైనా సరే, అంత చాలు. తీర్పు వచ్చేనాటికి రేసు పోయి నాలుగేళ్లు కావస్తోంది. 2014 క్యాలెండర్‌లో తేదీని 2015 మొదట్లోకి జరుపుతామంటూ ఇండియాను తీసేశారు, మళ్లీ పెట్టలేదు. ఒప్పందంలోని అయిదింట్లో మూడే జరిగాయి.

ఇంకోపక్క భూమి. ఎక్స్‌ప్రెస్‌వే వెంబడి భూసేకరణ మీద రైతుల ఆగ్రహం ఎంతగా ఉండేదో 2011 మే నెలలో అదే జిల్లాలోని భట్టా పర్సౌల్ ఘర్షణలు చూపించాయి. ట్రాక్ సహా 1,000 హెక్టార్లను జేపీకి ఇచ్చిన యమునా ఎక్స్‌ప్రెస్‌వే పారిశ్రామికాభివృద్ధి సంస్థ, బకాయిలు చెల్లించలేదంటూ 2020 ఫిబ్రవరిలో కేటాయింపు రద్దు చేసింది. స్పోర్ట్స్ సిటీలో ఇళ్లు కొన్నవాళ్లు మధ్యలో చిక్కుకున్నారు. మాతృసంస్థ జైప్రకాశ్ అసోసియేట్స్ 2024 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ రద్దు సరైనదేనంది. ఎఫ్ఐఏ సర్క్యూట్ లైసెన్సు గరిష్ఠంగా మూడేళ్లకే చెల్లుతుంది. ప్రతిసారీ తనిఖీ, ప్రతిసారీ మరమ్మతు ఖర్చు. ఆ ఖర్చు పెట్టాలంటే ముందు నేల ఎవరిదో తేలాలి.

ఇప్పుడు అక్కడ తిరిగేవాళ్లకు

ఫార్ములా వన్ పోయాక కూడా ట్రాక్ పూర్తిగా నిద్రపోలేదు. జేకే టైర్ జాతీయ రేసింగ్ ఇక్కడ జరిగేది. హైదరాబాదుకు చెందిన అనిందిత్ రెడ్డి 2016, 2017ల్లో యూరో జేకే టైటిళ్లు గెలిచింది ఆ సిరీస్‌లోనే. 2014 నుంచి టాటా ట్రక్కులూ ఇక్కడ పరుగెత్తాయి. మిగతా రోజుల్లో సొంత బండి తెచ్చుకుని తిరిగే ట్రాక్ డేలు.

అలా వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది బ్రేక్ ద్రవం. వేగం మూడో వంతుకు దిగితే చలనశక్తి తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మిగతాదంతా, గాలి లాక్కున్నది పోను, వేడిగా బ్రేకుల్లోకే వెళుతుంది. నాలుగో మలుపు దగ్గర ల్యాప్‌కోసారి ఇది జరుగుతుంది. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతదానికి ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడల్ నేల దాకా పోతుంది. రెండేళ్ల పాత ద్రవంతో వెళ్లి, అయిదో ల్యాప్‌లో నాలుగో మలుపు బయట కంకరలో తేలేవాళ్లు ఏ ట్రాక్ డేలోనూ తక్కువ కాదు. వారం ముందు పూర్తిగా మార్పించండి, ప్యాడ్లు సగంకంటే అరిగుంటే అవీ మార్చండి.

పది–పదకొండు వంపు మామూలు కార్ల ఇంజిన్‌కు ఇంకో రకంగా ప్రమాదం. కుడికి అంతసేపు తిరుగుతుంటే సంప్‌లో (ఇంజిన్ అడుగు తొట్టిలో) ఆయిల్, ట్యాంకులో పెట్రోలు ఎడమకు ఒరిగిపోతాయి. ఆయిల్ పంపు గొట్టం క్షణంపాటు గాలి పీలిస్తే బేరింగులు పోతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాకా ఉంచాలి, పెట్రోలు సగం ట్యాంకుకు తగ్గనివ్వకూడదు. అదే వంపు ఎడమ టైర్లను ఎక్కువ వేడెక్కిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గాలి నాలుగైదు పీఎస్ఐ తగ్గించి, మూడు నాలుగు ల్యాపులయ్యాక పిట్‌లో వేడి మీదే కొలిచి, ఎడమా కుడీ విడివిడిగా సరిచేసుకోవాలి. చక్రాల నట్లు మొదటి సెషన్ అవగానే టార్క్ రెంచితో మళ్లీ బిగించండి.

బైకులకైతే కూలెంట్ తీసేసి మంచినీళ్లు పోయాలి, లైట్ల అద్దాలకు టేపు వేయాలి. కిందపడ్డ బండి నుంచి గ్లైకాల్ కారితే అది తారు మీద నూనెలాగే జారుతుంది, శుభ్రం చేసేదాకా అందరి సెషన్ ఆగిపోతుంది. ఇక మూడో మలుపులోకి మొదటి ల్యాప్‌లోనే జోరుగా ఎక్కకండి. మలుపు చివర కనిపించదు, లైన్ పక్కన దుమ్ము ఇంకా అలాగే ఉంటుంది.